అతుక్కుపోయిన వాగ్దానాలు

ముప్పై ఒక్క ఏళ్లు బడిలో పిల్లలకు బొమ్మలు నేర్పినదాన్ని. రంగును కప్పులో పోసి, కప్పును అట్ట మీద బోర్లించి, అట్టను అటూ ఇటూ వంచి, పారిన చోటల్లా పారనిచ్చి, పైగా దానికి పేరు పెట్టడం మాత్రం మొన్న డిసెంబరులో నంద్యాలలోనే చూశాను. ఒకావిడ తన అట్టకు "సముద్రం" అని పెట్టింది. పక్కావిడది అచ్చం అలాగే ఉంది, ఆమె "అంతరిక్షం" అంది. నా కంటికి రెండూ వానకు నానిన వాల్‌పోస్టర్లలా కనిపించాయి.

ఆ క్లాసు నడిపేది దీవెన. మా ఆళ్లగడ్డ సంఘం పాస్టరు సాల్మన్ రాజు గారి కోడలు. నంద్యాలలో ఒక మందుల షాపు పైన గది అద్దెకు తీసుకుని, ప్రతి శనివారం ఆడవాళ్లకు అక్రిలిక్ రంగులూ చేతిపనులూ నేర్పుతుంది. నేర్పుతుంది అనడం నా మర్యాద. ఫోన్లో వీడియో పెడుతుంది, అది చూసి అందరూ చేస్తారు. హెయిర్ డ్రయ్యర్‌తో రంగును ఊదుతారు. ప్యాకింగుకు వాడే బుడగల కవరును రంగులో ముంచి అద్దుతారు. ఖాళీ సీసాలకు జనపనార తాడు చుట్టి, అంత కష్టపడి చుట్టాక ఏం చేయాలో తెలియక కిటికీలో పెడతారు. కిరాణా హోల్‌సేలు వేణుమాధవ్ భార్య సాత్విక ఆ రోజు తలకు రాసుకునే సీరం రెండు చుక్కలు రంగులో వేసింది. కప్ప గుడ్ల లాంటి గుండ్రాలు తేలాయి. అందరూ చప్పట్లు కొట్టి ఫోటోలు తీసుకున్నారు.

నేనెందుకు వెళ్లానంటే, అవమానం చేయించుకోవడానికి.

మా సంఘంలో కొత్త సంవత్సరం ఉదయం ఆరాధనలో ఒక పళ్లెం తిరుగుతుంది. అందులో చిన్న చిన్న కార్డులు, ఒక్కోదాని మీద ఒక్కో బైబిలు వాక్యం. కళ్లు మూసుకుని ప్రార్థన చేసి ఒకటి తీసుకోవాలి. ఆ ఏడాదికి దేవుడు తమకిచ్చిన వాగ్దానం అదే. దాన్ని బీరువా తలుపుకు అంటించుకునేవాళ్లున్నారు. పెళ్లి సంబంధం ఖాయం చేయాలా, పొలం కౌలుకు తీసుకోవాలా అన్నది ఆ కార్డును బట్టే తేల్చుకునేవాళ్లూ ఉన్నారు. ఆ కార్డులు ఇరవై ఆరేళ్లు నా చేత్తో రాశాను. డ్రాయింగ్ షీటు కోసి, అంచున నీటిరంగుతో సన్నటి తీగ వేసి, తీగకు పూలు పెట్టి, నల్లసిరాతో వాక్యం రాసేదాన్ని. రెండు వందల నలభై కార్డులు. దసరా సెలవుల్లో మొదలుపెడితే క్రిస్మస్‌కు అయ్యేవి.

ఈసారి సాల్మన్ రాజు గారు మా ఇంటికి వచ్చి, కాఫీ మొత్తం తాగాక నోరు విప్పారు.

"కమలమ్మ గారూ, మీకు చెయ్యి వణుకుతాండాది గదా. ఈసారికి మా దీవెన చేస్తాదిలే. మీరు ఊరికే నంద్యాలకు పోయి, రాతలో తప్పుల్లేకుండా సూసి రండి."

చెయ్యి వణుకుతుంది, కాఫీ గ్లాసు పట్టుకుంటే. కుంచె పట్టుకుంటే వణకదు. ఈ మాట ఆయనతో అనలేదు, ఎందుకంటే అది పూర్తిగా నిజం కాదు.

నంద్యాలకు బయలుదేరిన రోజు పొద్దున, హైవే పక్కన విగ్రహాలు చెక్కే షెడ్డు దగ్గర మణెమ్మ నన్ను ఆపింది. మణెమ్మది ఆ షెడ్డులో విగ్రహాలు నునుపు పట్టే పని. శిల్పులు చెక్కి పక్కన పెట్టిన రాతిని నీళ్లు పోస్తూ సానరాయితో రోజుల తరబడి రుద్దుతుంది. వారమంతా దేవుళ్ల మోకాళ్లు నున్నగా చేసి, ఆదివారం తెల్ల చీర కట్టుకుని చర్చిలో ముందు వరసలో కూర్చుంటుంది. దాని గురించి ఆమెకు ఏ చింతా లేదు, గుసగుసలన్నీ వెనక వరసల్లోనే. చదువు రాదు. ఏటా తన కార్డు తెచ్చి నాతోనే చదివించుకుంటుంది.

"టీచరమ్మా, వచ్చే నెల నాలుగో తారీకున కర్నూలుకు రమ్మన్నారు. గుండెకాయలో తలుపు మాదిరిది ఏందో చెడిపోయిందంట. కోసి బాగు చేస్తే బతుకుతానంట. లేకుంటే వచ్చే యేడు దాటేది కష్టమంట."

"మరింకేం, పో."

"వాక్యం రానీ. పొమ్మంటే పోతా. వద్దంటే ఈడనే ఉంటా."

"మణెమ్మా, డాక్టరు మాట ఇంటావా, అట్టముక్క మాట ఇంటావా?"

"ఆ అట్టముక్కలు రాసేది నువ్వే గదమ్మా?"

"ఈసారి నేను గాదు."

"ఎవురు రాస్తే ఏం? చెప్పేది దేవుడు గదా" అని మళ్లీ రాతి ముందు కూర్చుంది. నాలుగుసార్లు రుద్దడం, ఆగి రొప్పడం. మొండిదానితో నాకేం పని అనుకుని బస్సెక్కాను.

దీవెన కార్డులు గది నిండా పరిచి ఉంచింది. పెద్ద అట్టల మీద రంగులు కుమ్మరించి, ఆరాక ముక్కలుగా కోసి, వాటి మీద అక్రిలిక్ పెన్నుతో వాక్యాలు రాసి, పైన మెరుపు కోసం వార్నిష్ పూసింది. నీలం, బంగారు, గులాబీ. పెళ్లి మండపానికి వేసే లైట్ల మాదిరి మెరుస్తున్నాయి. రెండు వందల నలభై కార్డులూ ఒక్కొక్కటే చదివాను. ఒక్క తప్పు దొరకలేదు. కడుపు ఇంకా మండింది.

"ఎట్లుండాయి ఆంటీ?" అని అడిగింది.

"మెరుస్తాండాయి" అన్నాను. అది పొగడ్త అనుకుని పొంగిపోయింది. ఆ పిల్లలో నాకు నచ్చనిది అదే, ఏమన్నా బాధపడదు.

అప్పుడు అసలు ప్రశ్న అడిగింది. తడికి అట్టలు వంకర తిరిగాయి. "చూడండాంటీ, దోసె మాదిరి అంచులు లేస్తాండాయి. ముఖానికి ముఖం ఆనించి కట్టలు కట్టి, పైన బరువు పెడితే సాపుగా అయితాయి గదా? రంగు గీసుకుపోకుండా గూడా ఉంటాది."

బరువు కోసం తలుపుకు అడ్డంగా పెట్టుకున్న నల్లరాతి పలకను కూడా లాక్కొచ్చింది. మా ఆళ్లగడ్డ రాయే, మామగారు తెచ్చిచ్చారట.

ఒక కార్డు మీద వేలు పెట్టి చూశాను. అక్రిలిక్ గుణం నాకు తెలుసు. అరగంటలో వేలికి అంటకుండా ఆరినట్టు నటిస్తుంది, లోపల మాత్రం రోజుల తరబడి పచ్చిగా ఉంటుంది. దాని మీద వార్నిష్ ఒకటి. ముఖానికి ముఖం ఆనించి, పైన రాయి పెట్టి, మూడు రోజులు వదిలేస్తే రెండు కార్డులూ ఒక్కటవుతాయి. మధ్యలో బటర్ పేపర్ ముక్క పెడితే చాలు. ఆ పేపరు చుట్ట గది మూలలోనే నిలబెట్టి ఉంది. నేను దాన్ని చూశాను.

"ఏమోమ్మా, మీ రంగులు మీకే తెలియాల. మా కాలంలో ఇవి యాడివి?" అన్నాను.

మా కాలంలోనూ ఉన్నాయి. నా బీరువాలో ఇప్పటికీ పన్నెండు ట్యూబులున్నాయి.

తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. వేరుశనగకాయలు కొనుక్కుని తిన్నాను. చాలా నెలల తర్వాత మనసు అంత తేలికగా ఉంది. చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది కానీ, ఆ రోజు సిగ్గు వేయలేదు.

కొత్త సంవత్సరం ఉదయం, అప్పుడే కట్టలు విప్పి కార్డులు పేర్చిన పళ్లెం బయటికి వచ్చింది. మొదట సంఘ పెద్ద దేవసహాయం కళ్లు మూసుకుని చెయ్యి పెట్టాడు. ఒక కార్డు పట్టుకుని లేపితే జత లేచింది. విడదీయబోతే చర్రుమంది. నీలం రంగు పొర ఒకదాని మీద నుంచి ఊడి రెండోదాని మీద ఉండిపోయింది.

"నాకు రెండు వాగ్దానాలిచ్చినాడప్పా దేవుడు!" అన్నాడు ఆయన. జనం నవ్వారు.

నాలుగో మనిషి దాకా నవ్వారు. తర్వాత నవ్వలేదు. పళ్లెం వరస వెంట పోతుంటే చర్రు, చర్రు అనే చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. కొందరికి సగం వాక్యం దక్కింది. కొందరు గోళ్లతో గీకారు. సాల్మన్ రాజు గారు "మెల్లగా, మెల్లగా" అంటున్నారు. దీవెన గోడ పక్కన నిలబడి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. నేను రెండో వరసలో కూర్చుని చేతిరుమాలుతో మూతి తుడుచుకున్నాను, తుడుచుకోవాల్సింది ఏమీ లేకపోయినా.

పళ్లెం మణెమ్మ దగ్గరికి వచ్చింది. అందరికన్నా ఎక్కువసేపు కళ్లు మూసుకుంది. పెదవులు కదిలాయి. చెయ్యి పెట్టింది, జత వచ్చింది, విడదీసింది. ఆమె చేతిలో మిగిలిన దాని మీద రాత ఉండాల్సిన చోట తెల్లటి అట్ట కనిపించింది. రెండో కార్డు మీద రెండింటి రంగూ ముద్ద కట్టి, ఏ అక్షరం దేనిదో తెలియకుండా పోయింది.

"ఇంకొకటి తీసుకో మణెమ్మా" అన్నారు పాస్టరు గారు.

"దేవుని దగ్గర రెండోసారి అడుగుతారా అయ్యగారూ?" అని ఆ కార్డునే కొంగున కట్టుకుంది.

అప్పుడు గుర్తొచ్చింది నాకు నాలుగో తారీకు. నంద్యాలలో బటర్ పేపర్ చుట్టను చూసినప్పుడు గుర్తు రాలేదు. వచ్చినా నోరు తెరిచేదాన్నని ఒట్టేసి చెప్పలేను.

ఆరాధన అయ్యాక మెట్ల దగ్గర, చెప్పులు విడిచిన చోట, మణెమ్మ నన్ను పట్టుకుంది. కొంగు ముడి విప్పి కార్డు ఇచ్చింది.

"సదువు టీచరమ్మా."

చూశాను. మూలన ఇంత బంగారు రంగు, మిగతాదంతా బోసి అట్ట. ఆమె నా ముఖంలోకి చూస్తోంది. భయపడొద్దు, నీ చెయ్యి వదలనని చెప్పే వాక్యం ఒకటి నాకు కంఠతా వచ్చు. గొంతు సవరించుకుని, అట్ట మీద చూపు నిలిపి, అక్షరాలు ఉన్నట్టే చదివాను. పాఠం బాగానే అప్పజెప్పాననుకున్నాను.

మణెమ్మ తల అడ్డంగా ఊపింది.

"అది నా మొగుడు పోయిన యేడు వచ్చింది గదా. తీగకు రెండు ఎర్రపూలు ఏసినావు దానికి. ఇరవై ఆరూ నా పెట్టెలో ఉండాయి, యాది ఏ యేటిదో నాకు తెలుసు." కార్డు వెనక్కి తీసుకుని బొటనవేలితో దాన్ని రాసింది, షెడ్డులో రాతిని రాసి చూసినట్టే. "ఈడ అక్షరం లేదు టీచరమ్మా. పెచ్చు లేసిపోయింది. నా యేలికి తెలీదా?"

నేను చూపు చెప్పుల వైపు తిప్పుకున్నాను.

"దేవుడు ఏం చెప్పల్యా ఈ యేడు నాకు. చెప్పలేదంటే పోవద్దనే గదా. సరే." చెప్పులు వెతుక్కోవడానికి వంగి, రొప్పుతూ మళ్లీ నిటారుగా నిలబడింది. లోపల దీవెన ఏడుపు వినిపిస్తోంది. మణెమ్మ అటు చూసింది. "పాపం ఆ పిల్ల. మేం విగ్రహాలు లారీకి ఎత్తేటప్పుడు రాయికి రాయి ఆనకుండా మధ్యన గడ్డి పెడతాం. ఇట్లాంటివాటికి మధ్యన ఒక కాగితం పెట్టాలని దానికి చెప్పేవాళ్లు ఎవురూ లేకపోయిరా?"

నన్ను అనాలని అనలేదు. నిజంగానే అడిగింది. డ్రాయింగ్ పరీక్షలు రెండు పాసయి, ముప్పై ఒక్క ఏళ్లు పాఠం చెప్పినదాన్ని, చదువు రాని మనిషి ముందు పాఠం రాని పిల్లలా నిలబడ్డాను.

"నాకు తెలుసు" అన్నాను. "అది నన్నే అడిగింది. నేను చెప్పలేదు."

"యాల?"

"కార్డులు నాకు ఇయ్యలేదని."

మణెమ్మ నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

"అయితే ఇది దేవుడు చేసింది కాదా?"

"కాదు."

"నువ్వు చేసినావు."

"నేనే."

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఆమె ముఖం విప్పారింది. గట్టిగా ఊపిరి వదిలి మెట్టు మీద కూర్చుండిపోయింది.

"అబ్బ! దేవుడే నా మీద మూతి తిప్పుకున్నాడేమోనని సచ్చినంత పనయింది గదమ్మా. నువ్వా! నువ్వయితే ఏం లేదులే." కార్డును ఎండుటాకును విసిరినట్టు నా చేతిలోకి విసిరింది. "పోతా కర్నూలుకు. నీ మాటకు నేను ఆగేదేంది?"

ఎంతమందిని వెక్కిరించానో నాకు లెక్క లేదు. నన్ను ఇంత తేలిగ్గా తీసి పక్కన పెట్టినవాళ్లు మాత్రం ఇంతవరకు లేరు. కోపం వస్తుందేమోనని చూశాను. రాలేదు.

మణెమ్మ చెప్పులు వేసుకుని నాలుగు అడుగులు నడిచి, ఆగి, రొప్పి, వెనక్కి తిరిగింది.

"ఆ పిల్ల ఇంకా ఏడుస్తాండాది. నాకు చెప్పినావు గదా, అట్లనే దానికీ చెప్పు. అందరూ ఉండంగనే చెప్పు."

నేను అప్పటికే ఒక కాలికి చెప్పు వేసుకున్నాను. దాన్ని విడిచి, బోసి కార్డు చేత్తో పట్టుకుని మళ్లీ లోపలికి వెళ్లాను.