శనివారం బెంచీ

శనివారం ఒంటిపూట బడి వదిలాక, ఆనేకల్ దగ్గరి ఆ చిన్న కన్నడ సర్కారు బడిలో టీచర్లు ఒకరికొకరు పాఠాలు చెప్పుకుంటారు. పైనుంచి ఆర్డరు లేదు, సర్టిఫికెట్టూ రాదు. ఒకరు చెబుతారు, ఒకరు మూడో తరగతి పాత బెంచీ మీద కూర్చుంటారు, మిగతావాళ్లు చూస్తారు. ఆ బెంచీ మీద కూర్చున్నవాళ్లకు లేచేదాకా ఎనిమిదేళ్లే. అందుకే ముందు వాచీ తీసి పక్కవాళ్లకు ఇవ్వడం అక్కడి పద్ధతి, లేకపోతే చిన్నదైన చేతిలోంచి జారి పగులుతుంది.

ఆ రోజు వంతు భాగీరథమ్మది. బళేపేట గాజుల అంగడివాళ్ల ఆడపిల్ల, ఇరవై ఆరేళ్లుగా రెండు బస్సులు మారి వచ్చి లెక్కలు చెబుతోంది. కాళ్లు లాగుతున్నాయి, గొంతు పోయింది. నిన్న మూడో తరగతి తెలుగు పిల్ల లక్ష్మీదేవి తల్లిని పిలిపించి, "ఈ పిల్లకు లెక్క ఎక్కదమ్మా" అనేసింది. "అట్లయితే రేపటి నుంచి నాతో తోటపనికి వస్తాదిలే మేడమ్" అని ఆవిడ నెమ్మదిగా వెళ్లిపోయింది. అనకుండా ఉండాల్సిందని భాగీరథమ్మ అప్పటినుంచీ బాధపడుతూనే ఉంది.

"నోటిలెక్కలే చెప్తానప్పా, నిలబడి రాసే ఓపిక లేదు" అంది.

సైన్సు చెప్పే అమరనాథ్ తన వాచీ ఇంగ్లీషు టీచరు ఫర్హానాకిచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. సరిహద్దు పల్లెలో తెలుగు కూలీల ఇంట పుట్టినవాడు. మీసం పోయింది, కాళ్లు నేలకందక ఊగాయి.

"హదినైదరల్లి ఆరు కళె" అంది భాగీరథమ్మ, రోజూలాగే కన్నడంలో. పదిహేనులోంచి ఆరు తీసెయ్యమని.

"ఇరవై ఒకటి మిస్సూ!"

ఫర్హానా నవ్వింది. భాగీరథమ్మ నవ్వలేదు. లక్ష్మీదేవి చెప్పే జవాబూ అచ్చం అదే.

"ఎట్లొచ్చిందిరా?"

"కలిపినా మిస్సూ."

"కళె అంటే కలపమనా?"

"మరి? తోటలో సావుకారు కళె కీళ్రీ అంటే మాయమ్మ కలుపు తీస్తాది. కళె అంటే కలుపే గదా!"

కన్నడంలో కళె అంటే తీసెయ్యడమూ, కలుపు మొక్కా రెండూను; ఆ కలుపే పిల్లాడికి తెలుగు కూడికయింది. అమరనాథ్ లేచాడు, మీసం తిరిగొచ్చింది.

"నేను మూడో తరగతి రెండేండ్లు చదివినా మేడమ్. ఎందుకో ఇప్పుడు తెలిసింది."

ఈ ఇరవై ఆరేళ్లలో ఎంతమంది పిల్లలు బుద్ధిగా కలిపి మొద్దు అనిపించుకున్నారో! కాఫీ తాగిపొమ్మన్నా ఆగకుండా భాగీరథమ్మ చెప్పులేసుకుంది.

గులాబీ తోటలో తల్లీకూతుళ్లు వంగి కలుపు తీస్తున్నారు. ఆమెను చూసి, తల్లి వెనక్కి నక్కింది పిల్ల.

"మళ్లీ ఏం తప్పు చేసింది మేడమ్?"

"తప్పు నాదమ్మా. ఆ పిల్ల లెక్క సరిగ్గానే చేసింది, నాకే దాని మాట తెలియలా."

"అయితే మా పిల్లకు తెలివి ఉండాదా?"

"ఉండాది తల్లీ."

తల్లి పిల్ల చేతిలోంచి కొడవలి తీసుకుంది.

"పో, చేతులు కడుక్కోపో" అంది.