ఎస్తేరు సంతకం

ఆ పొద్దున గొడవ ఒక సీసాతో మొదలైంది. ఎస్తేరు వంటింటి అలమర సర్దుతూ, వెనక మూలలో మూతికి గుడ్డ కట్టి ఉన్న సీసా తీసి వాసన చూసింది. ముక్కు మూసుకుని, తీసుకెళ్లి పెరట్లో అరటిపాదులో కుమ్మరించింది. పులిసిపోయిన తాటికల్లు. సత్యవేడులో అంత పులిసిన కల్లును తాగుబోతులు కూడా పారబోస్తారు.

"అయ్యో అత్తా! ఎందుకు పోసేసినావు?" కోడలు మారిసెల్ పరుగున వచ్చింది.

"పాడైన కల్లు ఇంట్లో దాసిపెట్టుకుంటారా ఎవురన్నా? పాస్టరమ్మ సూస్తే నేను తాగతాననుకుంటాది."

"కల్లు కాదత్తా, వినిగరు, కూరలో పులుపుకు. మా అమ్మ ఇట్లే చేస్తాది."

"సీసా కడిగి ఇస్తాలే. ఇంకోసారి పోసుకో."

"ఆ కల్లు ఆయన తెచ్చి పోసింది," అని మారిసెల్ గుడ్డముక్క తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. ఎస్తేరు ఖాళీ సీసాను మెల్లగా కడిగి పక్కన పెట్టింది.

మారిసెల్‌ది ఫిలిప్పీన్స్. కువైట్‌లో ఒకే ఇంట్లో మునికుమార్ డ్రైవరు, ఆమె పనిమనిషి. ఇద్దరివీ ఆ ఇంటివాళ్ల పేరు మీద వచ్చిన వీసాలే. పెళ్లి చేసుకుని ఆరేళ్ల కిందట ఇక్కడికి వచ్చారు. పేరు నోరు తిరగక ఊరివాళ్లు ఆమెను మరియ అన్నారు. కూతురు కృపకు నాలుగేళ్లు. ఎనిమిది నెలల కిందట వరదయ్యపాళెం రోడ్డులో లారీ గుద్ది మునికుమార్ పోయాడు.

అతను ఏడాదికోసారి ఆమెను తిరుపతికి తీసుకెళ్లి, కాగితాల మీద సంతకాలు చేసి వీసా పొడిగించుకొచ్చేవాడు. అది భార్యగా ఉండడానికి ఇచ్చిన వీసా. జీతానికి పని చేయకూడదు. ఇంగ్లీషు వచ్చని ఫ్యాక్టరీ క్యాంటీనువాళ్లు పిలిస్తే, వద్దని చెప్పి రావలసి వచ్చింది. ఈసారి గడువు ఇంకా ఇరవై రెండు రోజులే ఉంది.

ఆ రోజే అత్తాకోడళ్లు కృపను తీసుకుని తిరుపతి వెళ్లారు. ఆఫీసులో గుమాస్తా కాగితాలన్నీ ఓపిగ్గా చూశాడు.

"భర్త లేడు కాబట్టి ఇంట్లో పెద్దవాళ్లు ఎవరైనా బాధ్యత తీసుకుని సంతకం పెట్టాలమ్మా. పైకి పంపిస్తాం. ఈమె ఏ కారణంతో ఉంటాదని రాయమంటారు?"

"నా కోడలు సార్."

"అది వరసమ్మా, కారణం కాదు. చూడ్డానికా, పనికా, చదువుకా, ఏదో ఒకటి రాయాల గదా?" అని అతను మారిసెల్ వైపు చూశాడు. మారిసెల్ అత్త వైపు చూసింది. "ఇంటికి పోయి ఆలోచించుకోండి, సోమవారం రండి," అని గుమాస్తా సంతకం పెట్టాల్సిన కాగితం ఎస్తేరు చేతికిచ్చాడు.

బస్సులో కృప అవ్వ ఒళ్లో నిద్రపోయింది. మారిసెల్‌కు వాళ్లమ్మ ఫోన్ చేసింది. ఇంట్లో మాటలు ఏరుకుని ఏరుకుని మాట్లాడే పిల్ల, తన భాషలో గలగలా మాట్లాడుతూ ఒకసారి నవ్వింది. కొడుకు పోయాక ఎస్తేరు ఆ నవ్వు వినలేదు.

"ఏమంటాది మీ అమ్మ?"

"మోకాళ్ల నొప్పంట."

"మరియా, నీకు ఈడ ఉండాలని ఉండాదా?"

"నువ్వు సంతకం పెడితే ఉంటా."

"నేనడిగింది అది కాదు."

నాగలాపురం దాటాక మారిసెల్ చెప్పింది. "ఆడ కువైట్‌లో పనిచేసే ఇంటి సేటు సంతకం పెట్టినాడు, ఉన్నా. ఈడ ఆయన పెట్టినాడు, ఉన్నా. ఉండాలని ఉండాదా అని ఎవురూ అడగలేదత్తా. ఏం చెప్పాలో తెలీలే."

సాయంత్రం ఎస్తేరు కొంగు కప్పుకుని, కల్లుగీసే కుప్పయ్య దగ్గరికి తానే వెళ్లింది. పాస్టరమ్మ ఇంటి ముందు నుంచే నడిచి వచ్చింది. కడిగిన సీసాలో కల్లు పోసి, మూతికి గుడ్డ కట్టి, అలమర మూలలో ఉన్నచోటే పెట్టింది.

మారిసెల్ చూసింది. "ఇది వినిగరయ్యేదానికి మూడు నెలలు పడతాదత్తా," అంది. ఇరవై రెండు రోజుల మాట ఇద్దరూ ఎత్తలేదు.

రాత్రి సంగటి ముద్దలు వడ్డించి, ఎస్తేరు కృప పళ్లెంలో చేపముక్కకు ముళ్లు తీస్తూ కూర్చుంది.

"సంతకం పెట్టినావా?" మొగుడు ఓబయ్య అడిగాడు.

"లేదు. పెట్టను."

ఎస్తేరు కోడలి వైపు తిరిగింది.

"మరియా, బిడ్డను తోడుకోని మీ అమ్మకాడికి పో. మళ్లా రావాలనిపిస్తే నువ్వే ఫోన్ చెయ్. ఆ పొద్దు పరిగెత్తి పోయి పెడతా. నిన్ను కట్టేసే సంతకం మాత్రం నా సేత్తో పెట్టను."

"నీకేమన్నా పిచ్చా? కొడుకు ఎట్లాగూ లేడు. ఆ పిల్లన్నా కంటి ముందర ఉండాదనుకుంటే! దానికి ఈ దేశం పాస్‌పోర్టు. ఆడ దాన్ని ఏమని రానిస్తారు?"

"ముందు విజిటర్ అనే రానిస్తారు, మామా," అంది మారిసెల్, తల వంచుకుని.

"నా మనవరాలు విజిటరా!"

"మనం పోయినా విజిటర్లమే," అంది ఎస్తేరు. మద్రాసు దాటి ఎరగని మనిషి. పోలేమని ఆమెకూ తెలుసు, ఓబయ్యకూ తెలుసు.

మారిసెల్ ఏడుస్తోంది. వద్దని మాత్రం అనలేదు. అంటుందేమోనని ఎస్తేరు కాసేపు చూసింది. తర్వాత కృప పళ్లెంలోని ముద్దకు గుంట చేసి పులుసు పోసింది.

"తినుమే మరియా, సల్లారిపోతాది. ఆ సీసాను నేను కదపనులే. మూడు నెలలయినాక రుచి సూసి, ఎట్లా వచ్చిందో ఫోన్లో చెప్తా."