కునుకు గేటు

రైళ్ళు ఆగిపోయాక పట్టాలు పీకేసి ఆ దారిని నడకదారి చేశారు. ఆ ఆదివారం దాని పొడవునా నిధి వేట పెట్టారు. మజిలీకో చిక్కుప్రశ్న, దాన్ని విప్పినవాళ్ళకే తరవాతి మజిలీ ఎక్కడుందో తెలుస్తుంది. టైలరింగ్ షాపు యజమానురాలు తన దగ్గర కుట్టుపని చేసే ముగ్గురినీ వెంటేసుకుని ఒక జట్టుగా చేరింది. ముగ్గురిలో ఇద్దరు కుర్ర అమ్మాయిలు. మూడో ఆవిడని షాపులో అందరూ పెద్దక్క అంటారు.

మూడో ప్రశ్న దగ్గర జట్టు చతికిలపడింది. యజమానురాలు చీటీని పైకి చదివింది.

"గేటు మూయమంటే కళ్ళు మూశాడు, కాపలా కాయమంటే కలలు కన్నాడు. వాణ్ణి లేపితేనే మీకు దారి."

అమ్మాయిలిద్దరూ పగలబడి నవ్వారు. పెద్దక్క నవ్వలేదు.

"పాత గేటు గది. వంతెన దాటాక ఎడమ పక్కన," అంది.

"అబ్బ! ఏం బుర్ర పెద్దక్కా నీది, పాదరసం!" అంటూ యజమానురాలు వీపు తట్టింది. ఆవిడ ఈ ఊరికి ఈమధ్యే వచ్చింది. అమ్మాయిలేమో రైళ్ళు ఆగిపోయాక పుట్టినవాళ్ళు. ఆ గదిలో పెద్దక్క తండ్రి గేట్‌మన్‌గా పనిచేశాడని వాళ్ళెవరికీ తెలియదు.

పెద్దక్క చిన్నపిల్లగా ఉన్నప్పుడు, ఒక మధ్యాహ్నం గేటు తెరిచి ఉండగా రైలొచ్చి పాల వ్యానుని గుద్దేసింది. డ్రైవరూ, పక్కన కూర్చున్న అతని భార్యా అక్కడికక్కడే పోయారు. రైలొస్తోందని స్టేషన్ నుంచి ఫోన్ రాలేదని తండ్రి లబలబలాడాడు. మూసిన తలుపుల వెనక విచారణ చేసి, ఆయన నిద్రపోయాడని తేల్చారు. ఉద్యోగం పోయింది, క్వార్టరు పోయింది. ఊరు ఆ గేటుకి కునుకు గేటని పేరు పెట్టుకుంది.

గేటు గదికి కొత్తగా రంగు వేశారు. లోపల మంచం మీద ఖాకీ బట్టలు తొడిగిన గడ్డి బొమ్మ వెల్లకిలా పడుకుని ఉంది. మంచం కింద స్పీకరులోంచి గురక వస్తోంది. గంట కొడితే గురక ఆగుతుంది, అప్పుడు దిండు కింది చీటీ తీసుకోవాలి. జనం వరుసకట్టి, బొమ్మ పక్కన తామూ కళ్ళు మూసుకుని ఫోటోలు దిగుతున్నారు.

చీటీలు అందిస్తున్న మనిషి తలెత్తాడు. పెద్దక్క అన్నయ్య! రైల్వేలో చేసి రిటైరయ్యాక వేట కమిటీలో చేరాడని ఆవిడకి తెలుసు. ఈ మజిలీ అతనిదని తెలియదు. అతన్ని గది వెనక్కి పిలిచింది.

"ఇదెవరి తెలివి అన్నయ్యా?"

"నాదే. ఎందుకంత రాద్ధాంతం? నాన్న పేరు ఎక్కడైనా రాశామా? ఆ రోజునుంచీ ఊరంతా నన్ను చూసి గురక పెట్టింది. వాళ్ళకన్నా ముందు మనమే నవ్వేస్తే గొడవ వదిలిపోతుంది కదా."

"ఖర్మకాలి ఒక్కరోజు కన్నంటుకుంది. దానికి బతికినన్నాళ్ళూ కుళ్ళి కుళ్ళి ఏడ్చాడు. చచ్చాక కూడా గడ్డి కుక్కి పడుకోబెట్టావా మనిషిని?"

"ఒక్కరోజేంటి, ఒక్క పూట కూడా ఆయన..." అని అన్నయ్య నాలిక కరుచుకున్నాడు.

"చెప్పు. ఆయన?"

అన్నయ్య గోడకేసి చూస్తూ, "పడుకోలేదు," అన్నాడు. "నేనక్కడే ఉన్నాను. క్యారేజీ పట్టుకెళ్ళాను. ఇద్దరం తింటున్నాం. ఫోన్ మోగనేలేదు."

"మరి విచారణలో?"

"నేను వెళ్ళేసరికి నిద్రపోతున్నాడని చెప్పాను. అలా చెప్తే నాకు ఉద్యోగం ఇప్పిస్తానన్నాడు స్టేషన్ మాస్టరు. నాన్న ఉద్యోగం ఎలాగూ పోయేదే. ఇంట్లో పొయ్యి వెలగాలా వద్దా? ఆ జీతం కూడే కదా నువ్వూ తిన్నది!"

"నువ్వక్కడ ఉన్నావని నాన్న ఎప్పుడూ అనలేదే?"

"అంటే నాది అబద్ధమని తేలిపోదూ? నా ఉద్యోగం పోతుందని నోరు కట్టేసుకున్నాడు."

మంచాన పడ్డాక తండ్రి పెద్దక్క చెయ్యి పట్టుకుని "నేను పడుకోలేదమ్మా" అనేవాడు. "సర్లే నాన్నా, ఇప్పుడవన్నీ తవ్వుకోవడం దేనికి" అంటూ ఆవిడ దుప్పటి సర్దేది. అది ఓదార్పనుకుంది. ఆయన ముఖం అటు తిప్పుకునేవాడు.

పెద్దక్క విసవిసా లోపలికెళ్ళి, బొమ్మని చొక్కా పట్టుకుని లేపి గోడకి చేరగిలబెట్టింది.

"ఈయన పడుకోలేదు! వింటున్నారా? పడుకోలేదు!"

వరుసలో ఎవరో చప్పట్లు కొట్టారు. "ఆంటీ నటన అదిరింది," అన్నారింకెవరో. ఒక కుర్రాడు చీటీ వెనక రాసుకుంటూ, "పడుకోలేదు... అంటే తరవాతి క్లూ ఇదేనా?" అని పక్కవాణ్ణి అడిగాడు.

యజమానురాలు కంగారుగా, "ఆట పాడవుతుంది పెద్దక్కా, వదిలెయ్," అంది.

"అది మా నాన్న," అంది పెద్దక్క.

వెనకనుంచి "కాస్త త్వరగా కానివ్వండమ్మా" అని కేకలు మొదలయ్యాయి. పెద్దక్క ఒంటరిగా ఇంటిదారి పట్టింది.

మర్నాడు అన్నయ్య షాపుకొచ్చాడు. ఆవిడ మిషను ఆపలేదు.

"బొమ్మని తీయించేశాను," అన్నాడు.

"ఏమని చెప్పి?"

"గురకకి చిన్నపిల్లలు జడుసుకుంటున్నారని."

ఆవిడ పాదం ఆగింది. అన్నయ్య చేతిలో చొక్కా గుడ్డ పొట్లం ఉంది. ఎప్పుడూ అతని చొక్కాలు ఆవిడే కుడుతుంది.

"ఇకనుంచి నీ కొలతలు ఇంకెక్కడైనా ఇచ్చుకో," అని, మళ్ళీ మిషను తొక్కడం మొదలెట్టింది.