పేర్లు పోయిన ఫైళ్లు

ఆ ఇంట్లో ఎవరు గడప దాటినా పెద్దాయన ఒకటే అడిగేవాడు: "మెయిన్ కట్టేశావా?" జీవితమంతా కరెంటు పని చేసిన మనిషి. లోకమంతా ఇంటికి తాళం వేసి బయల్దేరితే ఆయన మెయిన్ స్విచ్చు కట్టేసి బయల్దేరేవాడు. చిన్న కూతురు కట్టినా కట్టకపోయినా "కట్టేశా నాన్నా" అనేసి చెప్పులేసుకునేది. ఎన్నిసార్లు అబద్ధమాడిందో ఆ దేవుడికే తెలియాలి.

ఇప్పుడు అడిగేవాడికి గొంతు లేదు. మెడలో లేచిన గడ్డతో పాటు స్వరపేటికనీ డాక్టర్లు తీసేశారు. అయితే ఆపరేషనుకు ముందే చిన్నమ్మాయి ఒక మంచి పని చేసింది. ప్రింటింగు షాపుల కోసం పేజీలు తయారుచేసే తన కంప్యూటరుకు మైకు తగిలించి, ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టి, రోజూ ఆస్పత్రివాళ్లిచ్చిన వాక్యాలు చదివించింది. ఆ రికార్డింగులు ఇస్తే, ఆయన టైపు చేసిన మాటలను ఆయన గొంతుతోనే పలికే యంత్రం చేసిస్తామన్నారు. "ఇవి రాసినవాడెవడే? ఒక్కదాంట్లోనూ ఉప్పూ కారం లేదు" అని విసుక్కుంటూనే చదివాడాయన.

రికార్డింగులు ఇంకా ఆస్పత్రికి చేరనేలేదు; ఆ గొంతు ఇక ఎక్కడా లేదు, ఆమె కంప్యూటరులోని పాత డిస్కులో తప్ప. ఇంకో కాపీ తీసిపెట్టమని అక్క మొగుడు మొత్తుకుంటూనే ఉన్నాడు. చివరికి ఒక ఉదయం ఆమె కాపీ మొదలుపెట్టి, అది నడుస్తుండగానే కట్టు మార్పించడానికి నాన్నని ఆస్పత్రికి బయల్దేరదీసింది. గడప దగ్గర ఆయన అలవాటుగా నోరు తెరిచాడు. అడగలేడు కదా, తనే వెనక్కి వెళ్లి మెయిన్ కట్టేసి వచ్చాడు. ఆమె అప్పటికి వీధిలో బండి కోసం చెయ్యి ఊపుతోంది.

తిరిగొచ్చి, మెయిన్ వేసి కంప్యూటరు ఆన్ చేస్తే నల్లటి తెర, దాని మీద తెల్లటి అక్షరాలు. ఫైళ్ల లెక్కలు చూసుకునే ఫైల్ సిస్టంలో తప్పులున్నాయట, మనిషే దగ్గరుండి సరిచూడాలట. ఆమె వెంటనే బావకి ఫోను చేసింది. ఆయన పెద్ద ఆఫీసులో ఇలాంటి లినక్స్ కంప్యూటర్లనే చూసుకుంటాడు, ఇంట్లో దీన్ని పెట్టిందీ ఆయనే. మధ్యాహ్నం భోజనం కూడా మానేసి పరిగెత్తుకొచ్చాడు.

"ముట్టుకోకు మరదలు పిల్లా! ఏం నొక్కావ్?"

"ఇంకా ఏం నొక్కలేదు బావా. బాగుచెయ్యమంటావా అని అడుగుతోంది. సరేనని కొడదామనుకుంటున్నా."

"నీకు పుణ్యముంటుంది, చెయ్యి తీసెయ్. బాగుచేస్తానంటూ మిగిలినదాన్ని కూడా తుడిచిపెట్టగలదు. ముందు డిస్కంతా ఉన్నదున్నట్టు ఇంకోదాని మీదికి ఎక్కిద్దాం. వైద్యమేదో ఆ నకలుకి చేద్దాం. అసలుదాని జోలికి వద్దు."

పెన్ డ్రైవ్‌తో యంత్రాన్ని లేపి, తెచ్చుకున్న కొత్త డిస్కు తగిలించాడు. నకలు నెమ్మదిగా ఎక్కుతోంది. చదవడానికి రాని చోటొస్తే దాటేసి ముందుకెళ్తుంది, తర్వాత వెనక్కొచ్చి మళ్లీ ప్రయత్నిస్తుంది. పెద్దాయన గోడవార కుర్చీలో కూర్చుని, మెయిన్ స్విచ్చు వైపు ఒకసారి, తన గుండె వైపు ఒకసారి వేలు చూపించుకున్నాడు.

"నీ తప్పు కాదు నాన్నా" అందామె. కోపం లేదంటే అబద్ధం. కానీ ఆ ముఖం చూశాక కోపం ఎవరి మీద చూపించాలో ఆమెకి తెలియలేదు.

"డిస్కే ముసలిదైపోయింది మావయ్యా. రాస్తుండగా కరెంటు పోతే తట్టుకోలేకపోయింది" అన్నాడు అల్లుడు.

నకలు పూర్తయ్యాక పరీక్ష మొదలుపెట్టాడు. మొదటి వరుసలోనే ఆగిపోయింది.

"సూపర్‌బ్లాక్ పోయింది. ఈ డిస్కుని ఎలా పంచారో, ఏ లెక్క ఎక్కడుందో చెప్పేది అదే."

"అంటే అంతా పోయినట్టేనా?"

"కంగారుపడకు. దీన్ని తయారుచేసినవాళ్లు మహా భయస్థులు. ఇలాంటి రోజొకటి వస్తుందని ముందే అనుకుని, దాని నకళ్లు డిస్కులో అక్కడక్కడా దాచిపెట్టారు."

దాచిన చోటు చెప్పి మళ్లీ నడిపాడు. ఈసారి ఆగలేదు. తెర మీద వరుసలు పరుగెత్తుతున్నాయి. ఆమె ఇన్నేళ్లూ ఈ పెట్టెని ఒక బీరువాలా వాడుకుంది, తెరవడం, పెట్టడం, మూయడం. ముక్కూ ముఖం తెలియని ఎవరో తన ఈ రోజు గురించి ముందే బెంగపెట్టుకున్నారు! వాళ్లకి చేతులెత్తి దండం పెట్టాలనిపించింది.

తీరా చూస్తే రికార్డింగుల ఫోల్డరే లేదు. ఆమె మళ్లీ మొదటినుంచి వెతకబోయింది.

"ఆగు. దారితప్పినవాళ్లని కూర్చోబెట్టే గది ఒకటుంది" అని బావ ఇంకో ఫోల్డరు తెరిచాడు. లోపల బోలెడు ఫైళ్లు. ఒక్కదానికీ పేరు లేదు, అన్నీ అంకెలే. "పేర్లు ఫోల్డర్లో రాసుంటాయి. అది పోతే పేర్లూ పోతాయి. లోపలి సరుకు మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. ఏది ఏదో తెరిచి చూసుకోవాల్సిందే."

ఒక్కొక్కటీ తెరిచారు. ఎవరిదో పుస్తకం అట్ట. సగమే కనిపిస్తున్న ఫొటో. మళ్లీ ఇంకో అట్ట. తర్వాతిది తెరవగానే స్పీకర్లో సన్నటి బుస, కుర్చీ కిర్రుమన్న చప్పుడు, ఒక దగ్గు. ఆ వెంటనే, ఆపరేషనుకు ముందరి నిండు గొంతు, ఉప్పూ కారం లేని వాక్యమొకటి చదవసాగింది. ఆ గొంతు గలాయన తన మెడ మీది కట్టుని తడుముకుంటూ విన్నాడు.

చదవడం అయిపోయింది. ఆ రోజు ఆమె మైకు ఆపడం మరిచినట్టుంది. కుర్చీ జరిపిన చప్పుడు, అడుగులు, ఆ పైన దూరం నుంచి, "పద పద, ఆలస్యమవుతోంది. మెయిన్ కట్టేశావా?"

"కట్టేశా నాన్నా" అంది కంప్యూటరు ముందున్న చిన్నమ్మాయి.

అనుకుని అన్నది కాదు. నోటికి అదే వచ్చేసింది. బావ చెయ్యి కీబోర్డు మీదే ఆగిపోయింది. ఆమె వెనక్కి తిరిగి చూసింది. నాన్న కళ్ల నిండా నీళ్లు, చప్పుడు లేని నవ్వుకి భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. అబద్ధాలకోరుని పట్టేసినవాడిలా వేలెత్తి, నెత్తి మీద గిరగిరా తిరుగుతున్న ఫ్యాను చూపించాడు.