తోల్యెన్ తెరవని తలుపు

తోల్యెన్ తండ్రి రాజుగారి గుర్రాలకు నాడాలు కొట్టేవాడు. ఆయన కొడుకు ఇబార్ నది మీది కోటకు దొర అయ్యాడంటే అదంతా ఒక్క పూట చలవే. వరదలో గుర్రం కాలు జారి రాజు కొట్టుకుపోతుంటే తోల్యెన్ ఈదివెళ్ళి, జుట్టు పట్టుకుని ఒడ్డుకు లాగాడు. కోట, ఏడు ఊళ్ళు, పెద్దింటి పిల్ల యెరినాతో పెళ్ళి, అన్నీ ఆ తర్వాతే. విందుల్లో అతను కూర్చోగానే పుట్టుదొరలు "లద్ది వాసనొస్తోందే" అనుకునేవారు, వినపడేటట్టే.

కొన్నేళ్ళకు రాజు మీద కొడుకే తిరగబడి, ఆయన్ని చెరలో పెట్టాడు. దొరలంతా అటు జారుకున్నారు. యెరినా అన్న వ్లాద్కో కోట గుమ్మం ముందుకొచ్చాడు.

"తలుపు తియ్యి బావా. ముసలాయన పనైపోయింది."

"ఆయనకి మాటిచ్చాను."

"మేమూ ఇచ్చాంలే. నువ్వొక్కడివే ఇచ్చినట్టు మాట్లాడకు."

యెరినా నాలుగేళ్ళ కూతుర్ని చంకనేసుకుని వచ్చింది. "మీ మాట మీరు నిలబెట్టుకోండి. దీని బతుకు నేను చూసుకుంటాను," అంది. తోల్యెన్ పిల్లను తనే గుర్రమెక్కించి, దుప్పటి కప్పి, తల్లితో పాటు వ్లాద్కో వెంట పంపాడు. వెంటనే గడియ వేయించాడు.

నలభై రోజుల ముట్టడిలో భటులు ఒక్కొక్కరే తాళ్ళు పట్టుకుని గోడ దిగిపోయారు. చివరికి ముసలి రాజు చెరలోనే పోయాడని కబురొచ్చింది. ఇక ఎవరికోసం కాపలా కాయాలో తెలియక తోల్యెన్ తనే గడియ తీశాడు.

"మాట తప్పని నిన్ను చంపితే, మాట తప్పి నావైపు వచ్చినవాళ్ళు నా మొహం చూడలేరు," అన్నాడు కొత్త రాజు. జుట్టు కత్తిరించి, తెయొఫాన్ అని సన్యాసి పేరు పెట్టి, కొండల్లోని మఠానికి పంపేశాడు.

అక్కడ నీళ్ళు మోశాడు, కట్టెలు కొట్టాడు. రాజుకు ఎక్కడ తెలుస్తుందోనని సన్యాసులు కూడా అతని పక్కన కూర్చునేవారు కాదు. పన్నెండేళ్ళకు పండగ మొక్కుకు వ్లాద్కో వచ్చాడు. జుట్టు నెరిసింది.

"అమ్మాయికి మొన్న పెళ్ళి చేశాం. నీ కోటలో ఇప్పుడున్న దొరకే ఇచ్చాం."

"నా గురించి అడుగుతుందా?"

వ్లాద్కో చేతితొడుగు సర్దుకున్నాడు. "చిన్నప్పుడే చెప్పేశాం బావా, నువ్వు పోయావని."

తోల్యెన్ నీళ్ళబిందె కిందపెట్టాడు.

"కుర్రాడు మంచివాడేనా?"

"మంచివాడే."

"అయితే సరే."

అతను భోజనాల గదికి వెళ్ళేసరికి అందరూ తిని లేచిపోయారు. బల్ల చివర కూర్చుని, చల్లారిన బార్లీ గంజి తాగడం మొదలుపెట్టాడు.