గోడ మీది మస్కీ చూసిన వైపు

శుక్రవారం పొద్దుగూకేసరికి ఆర్డిస్ బారు ముందు పికప్ బళ్లు, వాటి వెనక పడవలు వరసగా ఆగుతాయి. లోపల చేపల వేపుడు, బంగాళదుంప అట్లు, బ్రాందీ. దక్షిణాన ఉన్న పట్నాల నుంచి రెండ్రోజుల సెలవు మీద వచ్చినవాళ్లు తింటూ తాగుతూ అబద్ధాలాడుతూ ఉంటారు. మస్కీ చేపలు పట్టేవాణ్ని పెళ్లాం సంగతి అడగొచ్చు, జీతం అడగొచ్చు, ఏ చెరువులో పట్టావని మాత్రం అడక్కూడదు. అడిగితే అబద్ధం చెప్తాడు. నిజం చెప్పాడంటే వాడికి ఇంకా చేతకాలేదన్నమాట.

మా జిల్లాలో ఎటు నడిచినా చెరువే అడ్డమొస్తుంది. అన్ని చెరువులుండి, చేతిలో రెండే రోజులుంటే పడవ ఎక్కడ దింపాలి? అందుకే బారు బల్ల వెనక, గోడ మీద చెక్కకి బిగించిన చేపని అడుగుతారు.

ఆర్డిస్ తాత పట్టిన మస్కీ అది. నిలబెడితే మనిషి గుండెల దాకా వస్తుంది. బాతు మూతి, దాన్నిండా సూదుల్లాంటి పళ్లు. పొట్టలో రంపపు పొట్టు కూరి, పైన వార్నిష్ పూశారు. దాన్ని అడగడానికో పద్ధతుంది. టోపీ తీసి, కింద ఒక బ్రాందీ పెట్టి, "ఎక్కడికి?" అనాలి. అంతకన్నా ఎక్కువ వాగితే దానికి చిరాకు. అడిగినవాడు తప్ప బారులో అందరూ అప్పుడు తమ తమ గ్లాసుల్లోకి చూస్తారు. ఆర్డిస్ అటు తిరిగి గ్లాసులు తుడుస్తుంది. చేప మెల్లగా మూతి తిప్పుతుంది. ఎటు తిప్పిందో అడిగినవాడికి తప్ప ఎవరికీ తెలియకూడదు. వాడు చూసుకుని "సరే" అనగానే చేప మళ్లీ తిన్నగా అవుతుంది, అందరూ తలలెత్తుతారు, అట్లు చల్లారిపోయాయని ఎవడో ఒకడు సణుగుతాడు.

ఆ అక్టోబరులో లైల్ టొలెఫ్సన్ ఒక్కడే వచ్చాడు.

లైల్ కాయితాల మిల్లులో పనిచేస్తాడు. పెళ్లీ పెటాకులూ లేవు. అన్న వెండెల్‌తో కలిసి ఏటా ఈ రెండ్రోజులకీ వచ్చేవాడు. పడవలో ముందు సీటు అన్నది, వెనక సీటు లైల్‌ది. చేపని అడిగేది అన్నే. అన్న చూసుకుంటున్నంతసేపూ లైల్ కూడా గ్లాసులోకే చూసేవాడు. "ఎడమకి పోనీ" అంటే ఎడమకి పోనిచ్చేవాడు. ఆ వెండెల్ ఫిబ్రవరిలో, మంచు తవ్వుతూ తవ్వుతూ పార మీదే ఒరిగిపోయాడు. ఇంక ఈ పడవ నాకెందుకని అమ్మకానికి పెట్టి, సోమవారం వచ్చి తీసుకుపొమ్మని లైల్ ఎవరికో మాటిచ్చేశాడు. ఈ రెండ్రోజులూ గడిస్తే పడవా లేదు, ఇక్కడికి రావడమూ లేదు.

"అన్న లేకుండా దారి దొరికిందా నీకు?" అన్నాడు ఆగీ, బల్ల చివర్నుంచి. ఆగీ జిల్లా రోడ్ల మీద మంచు తోసి తోసి రిటైరైన ముసలాయన. ఆయన నోట్లో మాట నానదు.

"రోడ్డు తిన్నగానే ఉందిగా," అన్నాడు లైల్.

"ఏమోలే. మీ అన్న దూకమంటే దూకేవాడివి. నీళ్లున్నాయా అని కూడా అడిగేవాడివి కాదు."

లైల్ నవ్వాడు. ఆగీ తన పద్ధతిలో పరామర్శిస్తున్నాడని అతనికి తెలుసు.

ఆర్డిస్ అలవాటు చొప్పున రెండు గ్లాసులు పెట్టింది. పెట్టాక చూసుకుని, ఒకటి వెనక్కి తియ్యబోయింది.

"ఉంచు. చేప కింద పెడతాను," అన్నాడు లైల్.

టోపీ తీశాడు. జీవితంలో మొదటిసారి అతనే అడిగాడు. "ఎక్కడికి?"

అందరూ గ్లాసుల్లోకి చూశారు. ఆర్డిస్ అటు తిరిగింది. చేప మూతి కదిలింది. పెద్ద చెరువు వైపు దాటింది, బాతుల చెరువు వైపు దాటింది, తిరిగి తిరిగి వంటింటి గుమ్మం పక్కన ఆగింది. అక్కడ ఒక కొక్కెం, దానికో కోటు. ఆ వైపు చుక్క నీరు లేదు. ఉన్నదల్లా లైల్ వచ్చిన రోడ్డు, అటే దక్షిణంగా అతని ఇంటికి పోయేది.

కోటేసుకుని ఇంటికి పొమ్మంటోంది అనుకున్నాడు లైల్. దానికి కావలసింది అన్న. నేను కాదు.

"సరే," అన్నాడు. ఏదో చెరువు దొరికినవాడిలా తల కూడా ఊపి, బ్రాందీ తాగేసి గదికి వెళ్లిపోయాడు.

శనివారం పెద్ద చెరువుకి వెళ్లాడు. ఎటూ తోచనివాళ్లంతా వెళ్లేది అక్కడికే. చూసిన ప్రతి పడవలోనూ ఇద్దరున్నారు. ఒకరు విసురుతుంటే ఒకరు తింటున్నారు, ఒకరు తిడుతుంటే ఒకరు నవ్వుతున్నారు. లైల్ ఉత్తుత్తి చేపని విసిరాడు, లాగాడు. కర్రతో చేసిన బరువైన ఎర అది, కడుపు కింద మూడేసి ముళ్ల గాలాలు. మస్కీ దాని వెంట పడవ దాకా వచ్చి, కరవాలా వద్దా అని ఆలోచిస్తుంది. అందుకని ఎర దగ్గరకొచ్చాక పైకి లాగెయ్యకూడదు. గాలపు కర్ర కొస నీళ్లలో ముంచి, ఎనిమిది అంకె రాసినట్టు తిప్పాలి. వెంట చేప కనపడినా కనపడకపోయినా సరే, విసిరిన ప్రతిసారీ రాయాలి. వెండెల్ వెనక్కి తిరక్కుండానే అనేవాడు, "ఎనిమిది రాశావా?" అని.

"రాశాను," అన్నాడు లైల్ ఖాళీ సీటుతో. అని చుట్టూ చూశాడు, ఎవరైనా విన్నారేమోనని. ఎవరూ వినలేదు. అది అతనికి ఇంకా బాధగా ఉంది.

సాయంత్రానికి చేతులు పడిపోయాయి. చేప జాడ లేదు. బారుకి వెళ్లకుండా, రొట్టె ముక్కా సాసేజీ పికప్‌లోనే కూర్చుని తిన్నాడు.

ఆదివారం సగం రోజే మిగిలింది. ఎవర్నీ అడగలేదు. కలప లారీల కోసం వేసిన పాత మట్టిరోడ్డు పట్టుకుని గిన్నె చెరువుకి పోయాడు. ఒక ఏడాది వెండెల్ తీసుకెళ్లిన చోటది. చిన్నది, నల్లటి నీళ్లు, చుట్టూ స్ప్రూస్ చెట్లు. "ఇక్కడికి పురుగు కూడా రాదురా," అని అన్న గొప్పగా చెప్పుకున్నాడు.

సన్నటి మంచువాన పడుతోంది. రాళ్ల గుట్ట దగ్గర విసిరాడు, లాగాడు, ఎనిమిది రాశాడు. రెండో చుట్టులో నీళ్లు కదిలాయి. పడవ కిందనుంచి ఆకుపచ్చటి నీడ ఒకటి వచ్చి ఎరని అడ్డంగా కరిచింది.

ఎంతసేపు పట్టిందో లైల్ చెప్పలేడు. ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో వల పట్టుకున్నాడు, వేసిన వల మోటారుకి తగులుకుంది, ఎలాగో చేప వలలోకొచ్చింది. గోడ మీది దానికి ఏమాత్రం తీసిపోని చేప. గాలం తీసి వదిలేద్దామని చెయ్యి పెట్టాడు. చేప ఒక్క విదిలింపు విదిలించింది.

ఎర వెనక గాలం అతని అరచేతిలో దిగింది. ముందు గాలం చేప దవడలో ఉంది. మధ్య గాలం వలలో, వల మోటారులో చిక్కుకుంది. మనిషి, చేప, పడవ ఒకే కట్ట అయిపోయారు. చేప తన్నుకున్నప్పుడల్లా ముల్లు లోపలికి పోతోంది.

ఇలాంటప్పుడు గాలాలు కోసెయ్యడానికి ప్రతి పడవలోనూ కటింగ్ ప్లయర్ ఉంటుంది. లైల్ పడవలోనూ ఉంది. ముందు సీటు కింద డబ్బాలో ఉంది. అన్న అందుకునే చోట. శుక్రవారం పడవ సర్దుతూ తన చేతుల్తో తనే అక్కడ పెట్టాడు. అది అక్కడ కాక ఇంకెక్కడుంటుందని అనుకున్నాడు.

అరిచాడు. గిన్నె చెరువుకి పురుగు కూడా రాదు కదా. ఫోను పికప్‌లో ఉంది. ఉన్నా ఆ అడవిలో పలకదు. గాలి పడవని చెరువు మధ్యకి తోస్తోంది. చెయ్యి నీళ్లలో ఉంచితే కొయ్యబారుతోంది, తీస్తే చేప పైకొచ్చి ఊపిరాడక కొట్టుకుంటోంది. ఆఖరికి నీళ్లలోనే ఉంచి, దాని పొట్ట కింద వేళ్లు ఆనించి నిలబెట్టాడు.

"నువ్వు కదలకు. నేనూ కదలను," అన్నాడు దానితో. కొంచెంసేపటికి, "నేను వెళ్లిపోయేవాణ్నే. ఇంటికి పొమ్మని ఆ గోడ మీది చేప చెప్పింది కూడా. విన్లేదు," అన్నాడు. చేప మొప్పలు తెరిచి మూసింది. అన్న పోయినప్పట్నించీ అతను ఇన్ని మాటలు ఎవరితోనూ మాట్లాడలేదు.

ఆ వేళకి ఆర్డిస్ బారులో అందరూ టీవీలో ఫుట్‌బాల్ చూస్తున్నారు. గోడ మీద చెక్క కిర్రుమంది. టక్కున అందరి తలలూ గ్లాసుల్లోకి వంగాయి.

"ఎవడ్రా అడిగింది?" అన్నాడు ఆగీ, గ్లాసుతోనే.

"నేను కాదు."

"నేనూ కాదు. బ్రాందీ కూడా పెట్టలేదుగా."

చెక్క మళ్లీ కిర్రుమంది. టప్ టప్‌మని ఏదో చుక్కలు పడుతున్న చప్పుడు. అటు తిరిగి గ్లాసు తుడుస్తున్న ఆర్డిస్ చెయ్యి ఆగింది. పుట్టి బుద్ధెరిగాక ఆ చేప మూతి తిప్పుతుండగా ఆవిడ ఎన్నడూ చూడలేదు. ఇప్పుడు తిరిగి చూసింది. చేప మెడ మెలితిరిగి ఈశాన్యం మూలకి చూస్తోంది. ఎండిన నోట్లోంచి సీసాల మీదకి నీళ్లు కారుతున్నాయి.

ఆర్డిస్ బయటికి తొంగి చూసింది. పడవలన్నీ ఉన్నాయి. లైల్ పడవ లేదు. టీవీ కట్టేసింది.

"తలలెత్తండి. అటు ఏమేం చెరువులున్నాయో చెప్పండి."

ఎవరూ ఎత్తలేదు. "ఆర్డిస్, అది పద్ధతి కాదు," అన్నాడొకడు మెల్లగా.

"పద్ధతి పెట్టింది మా తాత. బారు నాది. లైల్ ఒక్కడే వెళ్లాడు. ఎక్కడికెళ్లాడో ఒక్కరికీ తెలీదు. చెప్తారా, బ్రాందీ సీసాలన్నీ పారబొయ్యనా?"

ఒకడు కదిలాడు. "బీవర్ చెరువుంది అటు. అక్కడ చేపలు పట్టేది నేనే. పొద్దున కూడా వెళ్లొచ్చాను, ఎవరూ లేరు." ఆ మాట చెప్పడానికి వాడికి చెమటలు పోశాయి.

ఆగీ గ్లాసు పక్కకి తోసి నిట్టూర్చాడు. "దాని వెనక గిన్నె చెరువు. గట్టున పొదల్లో నా చిన్న పడవ బోర్లించి ఉంటుంది. ఆ చెరువు నాకూ వెండెల్‌కీ తప్ప ఎవరికీ తెలీదు. ఎదురుపడినా చూడనట్టు పోయేవాళ్లం, మర్యాదగా."

ఆర్డిస్ వంటింటి గుమ్మం పక్కన కొక్కేనికున్న తన కోటు లాక్కుని బయటికి నడిచింది.

ఆవిడ ఆగీ పడవలో తెడ్లేసుకుంటూ చేరేసరికి లైల్ పెదాలు నీలంగా ఉన్నాయి. అతని పడవలోకి ఎక్కి, కోటు విప్పి అతనికి కప్పింది.

"కటింగ్ ప్లయర్ ఏదీ?"

"ముందు సీటు కింద."

"నువ్వు వెనక కూర్చుంటే అది ముందెందుకుంది?"

లైల్ పళ్లు కొట్టుకుంటున్నాయి. "ముందు కూర్చున్నవాడే కదా కోసేది," అన్నాడు.

ఆర్డిస్ ప్లయర్ తెచ్చింది. "ముందు దాన్ని," అన్నాడు లైల్. "నాకు తెలుసులే," అని చేప దవడ దగ్గరే ముందు కోసింది. వదిలాక కూడా చేప అతని చేతి పక్కనే కాసేపు నిలబడింది. తరవాత తోక ఒక్కసారి ఊపి నల్లటి నీళ్లలోకి దిగిపోయింది. లైల్ ఏడ్చాడు. ఆర్డిస్ అటు తిరిగి మోటారు నుంచి వల విడదీస్తూ కూర్చుంది.

ఆగీ కోడలు నర్సు. బారు బల్ల మీదే ముల్లు తీసి, ఆస్పత్రిలో ఇంజెక్షన్ చేయించుకుని మరీ ఇంటికి వెళ్లమని కట్టు కట్టింది. చీకటిపడే లోపు అందరూ వెళ్లిపోయారు. లైల్ కూడా లేచాడు. పొద్దున్నే ఆ కొనే మనిషి వస్తాడు.

తన కోటు అతని భుజాల మీదనుంచి తీసుకుని, ఆర్డిస్ కొక్కేనికి తగిలించింది. పైన గోడ మీద చెక్క కిర్రుమంది. అలవాటు కొద్దీ ఇద్దరూ తలొంచుకున్నారు. తరవాత ఇద్దరూ ఎత్తారు. చేప మూతి కొక్కెం వైపు తిరిగి ఉంది.

"శుక్రవారం కూడా ఇటే చూసింది. ఇంటికి పొమ్మంటోందనుకున్నాను," అన్నాడు లైల్.

ఆర్డిస్ చేప మూతి చూసింది, కొక్కెం చూసింది. "అక్కడ నా కోటు తప్ప ఏముంది?" అంది. చాలాసేపు గుడ్డతో బల్ల తుడిచింది. ఆ బల్ల మీద తుడవడానికేం లేదు.

"ఇన్నేళ్లూ అందరికీ దారి చెప్తుంటే వెనక్కి తిరిగి నిలబడ్డాను. ఇందాక తప్ప, పడవెక్కింది కూడా చిన్నప్పుడు మా తాతతోనే," అంది. "ఈ చేపల సీజను నెలాఖరు దాకా ఉందిగా. సోమవారాలు బారు మూసే ఉంటుంది. ఆ ప్లయర్ ఎక్కడుంటుందో నాకిప్పుడు తెలుసు."

లైల్ టోపీ పెట్టుకుని బయటికొచ్చాడు. వాన వెలిసింది. పడవలో వెనక సీటు మీద, ఆర్డిస్ వదిలేసిన చోటే ప్లయర్ పడి ఉంది. దాన్ని తుడిచి, చేతికందేలా తన సీటు కింద పెట్టబోయాడు. పెట్టలేదు. ముందుకి నడిచి, ముందు సీటు కింద డబ్బా తెరిచి, ఎప్పుడూ పెట్టే చోటే పెట్టి మూత వేశాడు. తరవాత పికప్‌లోంచి ఫోను తీసి, పడవ కొంటానన్న మనిషికి రావద్దని చెప్పాడు.