ప్రార్థన లేని ప్రారంభోత్సవం

బాలాత్రిపురసుందరి గొంతు తెలియనివారు ఆ మున్సిపల్ కార్యాలయం పరిధిలో తక్కువ. ఎదురుపడితే మనిషిని గుర్తుపట్టకపోవచ్చు గాని, పార్కు తెరిచినా, నీళ్ల ట్యాంకుకు శంకుస్థాపన చేసినా మైకులో ముందుగా వినిపించేది ఆమె పాడే గణపతి ప్రార్థనే. అమలాపురం దగ్గర పుట్టింది. సంగీతం తల్లి నేర్పింది. పెళ్లయ్యాక హైదరాబాదు వచ్చి, ఉద్యోగంలో చేరి, సీనియర్ అసిస్టెంటు దాకా ఎదిగింది. రోజంతా ఫైళ్ల మధ్య నలిగిపోయే మనిషి, వేదిక ఎక్కిన ఆ కాసేపు వెలిగిపోయేది.

ఆ వెలుగు గచ్చిబౌలిలో ఒక పాదచారుల వంతెన ప్రారంభోత్సవం నాడు ఆరిపోయింది.

సుందరి ప్రార్థన సగంలో ఉండగా ముఖ్య అతిథి కారు వచ్చి ఆగింది. వ్యాఖ్యాత మైకుకు చేయి అడ్డం పెట్టి, "మేడం, ఇగ ఆపుండ్రి, సార్ వచ్చిండు" అన్నాడు. శ్లోకం మాట మధ్యలో తెగిపోయింది. దండలూ శాలువాలూ అయ్యాక, ప్రార్థన ఫొటో లేదని ఎవరో గుర్తుచేస్తే ఆమెను మళ్లీ పిలిచి పాడమన్నారు. పాడింది. అతిథి చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని, ఎవరితోనో మాట్లాడుతూనే చేతులు జోడించాడు. ఆ ఫొటో మర్నాడు పేపర్లో చక్కగా వచ్చింది.

ఇంట్లో పాలు పొంగిపోతున్నా ఆమె మధ్యలో ఆపని శ్లోకం అది. తనకు జరిగిన అవమానమైతే మర్చిపోయేదే. దేవుడి మాటను శాలువాల వరుసలో నిలబెట్టడానికి తానే గొంతు అరువిచ్చానన్న బాధ మాత్రం పోలేదు. అయినా ఎవరితోనూ అనలేదు.

కొన్నాళ్లకు లింగంపల్లి స్టేషను వెనక బస్తీలో ప్రభుత్వం కట్టిన చిన్న దవాఖాన సిద్ధమైంది. ప్రారంభోత్సవం పనులు సుందరికే అప్పగించారు. ముందురోజు మధ్యాహ్నం టెంటు, మైకు చూసుకుందామని వెళితే, అక్కడ డాక్టరు రూతు మందుల పెట్టెలు సర్దుతూ కనిపించింది. ఆ దవాఖానకు ఆమే వైద్యాధికారి. ఇద్దరూ టీ తాగడానికి కూర్చున్నారు.

"రేపు ప్రార్థన మీదేనా మేడమ్? మీరు బాగా పాడతారు" అంది రూతు.

సుందరికి ఉన్నట్టుండి అడగాలనిపించింది. "మీరు చర్చికి వెళతారు కదండీ. మేము పాడుతుంటే మీకేమనిపిస్తుంది? ఏమీ అనుకోను, ఉన్నదున్నట్టు చెప్పండి."

రూతు గ్లాసు కింద పెట్టింది. "అందరితో పాటు లేచి నిలబడతాను. అలవాటైపోయింది. నాకు ఉద్యోగం ఉంది, కుర్చీ ఉంది, నా సంగతి వదిలేయండి. దీని శంకుస్థాపన రోజు షమీమ్ అని ఒకామె వచ్చింది. ఈ వీధే. అంతకుముందు కాన్పులో బిడ్డ పోయింది, ఇప్పుడు మళ్లీ కడుపుతో ఉంది. నేనే ఇల్లిల్లూ తిరిగి పిలిచి రప్పించాను. పూజ జరుగుతుంటే, జనాన్ని ఆపడానికి కట్టిన తాడు దగ్గర నిలబడింది. ఎవరో కుర్రాళ్లు, 'పూజ అయినంక రా అక్కా' అన్నారట. వాళ్లు చెడ్డగా అనలేదేమో కూడా. కానీ ఆమె వెళ్లిపోయింది. మొన్న వాళ్లింటికి వెళితే, 'అది మీ అందరి దవాఖానా, మాది కూడానా' అని అడిగింది."

"మీరేమన్నారు?"

"మీది కూడా అన్నాను. నమ్మినట్టు లేదు."

సుందరి గ్లాసులో టీ చల్లారిపోయింది.

సాయంత్రం చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, ఆమె షమీమ్ మాట భర్త చెవిన వేసింది. భీమేశ్వరరావు ట్రెజరీలో పనిచేసి రిటైరైన మనిషి. సంధ్యావందనం చేయనిదే కాఫీ ముట్టడు.

"ఏమండీ, రేపు నేను ప్రార్థన పాడనండి."

ఆయన పేపరు దించాడు. "ఎందుకని? ఎప్పటినుంచో ఉన్న ఆనవాయితీ. మంచి పనికి ముందు దేవుణ్ణి తలుచుకోవడం తప్పా?"

"తప్పని ఎవరన్నారు? నేను తలుచుకోకుండా గడప దాటుతానా? నా నోటితో నేను పాడితే అది నా భక్తి. ప్రభుత్వం నోటితో పాడితే అది వేరేనండి. వినేవాళ్లకు అదో ఉత్తర్వులా ఉంటుంది."

"పోనీ, మీవాళ్లను బైబిలూ ఖురానూ కూడా చదివించమను. గొడవుండదు."

"అప్పుడు ఆ మూడింట్లో లేనివాడు బయట నిలబడతాడు. ఏ దేవుణ్ణీ నమ్మనివాడికీ జ్వరం వస్తుంది కదా. వాణ్ణి ఎక్కడ నిలబెడదాం?"

భీమేశ్వరరావు పేపరు మడిచి పక్కన పెట్టాడు. "నువ్వు మాత్రం జాగ్రత్త. నీకు దేవుడంటే లెక్కలేదని అనేస్తారు" అన్నాడు. అప్పుడు గాని, ఆయన అడ్డుపడుతున్నది దేవుడి కోసం కాదనీ, తన కోసమనీ ఆమెకు అర్థం కాలేదు.

మర్నాడు పెందలాడే ఆఫీసుకు వెళ్లి డిప్యూటీ కమిషనరు శివశంకర్‌ను కలిసింది. ఆయనది కడప.

"ప్రార్థన వద్దా? ఏం మేడమ్, గొంతు బాగలేదా? రికార్డు పెట్టిస్తాంలే."

"గొంతు బాగానే ఉందండి. అసలు ప్రార్థనే వద్దంటున్నాను." షమీమ్ సంగతి చెప్పింది.

శివశంకర్ కుర్చీలో వెనక్కి వాలాడు. "ప్రార్థన పెట్టకూడదని రూలేమన్నా ఉందా?"

"పెట్టాలని ఉందా సార్?"

ఆయన నవ్వాడు, వెంటనే నవ్వు ఆపేశాడు. "లీడరు నరేందర్ ఊరుకోడు. ఆ బస్తీలో ఆయన మాటే చెల్లుతాది. ఆయన్ని మీరే చూసుకోవాల. మీరు పాడకుంటే నేనైతే బలవంతం చేయను."

సుందరి దండం పెట్టి బయటికొచ్చింది.

టెంటు కిందా, వీధి పొడవునా జనం నిండిపోయారు. టెక్ పార్కుల్లో ఊడ్చేవాళ్లు, సెక్యూరిటీ గార్డులు, వాళ్ల ముసలితల్లులు, చంటిపిల్లలు. అతిథులు కూర్చున్నారు. వ్యాఖ్యాత అందరికీ స్వాగతం చెప్పి, అతిథులను నేరుగా రిబ్బను దగ్గరికి రమ్మని పిలిచాడు. ముందు వరుసలో ఉన్న నరేందర్ లేచి మైకు అందుకున్నాడు.

"గిదేంది? ప్రార్థన లేకుండనే షురూ చేస్తరా? సుందరి మేడం ఈడనే ఉన్నరు గద. మేడం, జర పాడుండ్రి."

అందరి తలలూ ఆమె వైపు తిరిగాయి. పాడితే పనైపోతుంది, ఎవరూ ఏమీ అనరు. ఆమె మెల్లగా మెట్లెక్కింది. ఎన్నోసార్లు పట్టుకున్న మైకే అయినా చేతిలో బరువుగా అనిపించింది.

"నరేందర్ గారూ, నేను పొద్దున ఇంట్లో పాడే వచ్చానండి. ఎవరూ మధ్యలో ఆపకుండా, చివరిదాకా పాడాను. ఈ దవాఖాన చల్లగా ఉండాలనే పాడాను." ఆమె జనం వైపు తిరిగింది. "మీలో చాలామంది మీ మీ దేవుణ్ణి తలుచుకునే వచ్చి ఉంటారు. ఆ అలవాటు లేనివాళ్లు ఊరికే వచ్చి ఉంటారు. ఎవరూ తక్కువ కాదు. ఇది ప్రభుత్వం కట్టిన ఇల్లు. ఇక్కడ నేను ఒక దేవుడి పేరు పలికితే, నా దేవుడికి కొత్తగా వచ్చే గొప్ప ఏమీ లేదు. కానీ తాడు దగ్గర నిలబడ్డ ఒకామెకు, ఇది నాది కాదేమో అనిపిస్తుంది. అలా ఒక్కరు వెనక్కి వెళ్లినా మనం కట్టింది సగం కట్టినట్టే. నాకు దేవుడంటే ప్రాణం. అందుకే ఇక్కడ పాడను."

నరేందర్ మొహం ఎర్రబడింది. "అట్లంటే మన పద్ధతి, మన సంప్రదాయం..." అని మొదలుపెట్టాడు.

జనంలోంచి బుచ్చమ్మ అనే ముసలావిడ కర్ర ఊతంతో లేచింది. మెడలో మైసమ్మ బిళ్ల వేలాడుతోంది. "ఏ నరేందరు, అమ్మగారు మంచిగనే చెప్తుంది గద. నా మైసమ్మకు నేను బోనం ఎత్తుకుంటనే ఉన్న. సర్కారోళ్లొచ్చి ఎత్తుతరా ఏంది? పొద్దటిసంది మోకాళ్లు గుంజుతున్నయ్. తలుపు తీయమను, ముందుగాల."

ఎవరో నవ్వారు. ఆ నవ్వు టెంటంతా పాకింది. తాడు దగ్గర చప్పట్లు మొదలై వేదిక దాకా వచ్చాయి. నరేందర్ జనాన్ని చూశాడు. ఎటు గాలి వీస్తోందో తెలియని మనిషి కాదు. "సరే తియ్, మేడం మాటనే కానీ" అని తానూ చప్పట్లు కొట్టాడు.

రిబ్బను తెగింది. శివశంకర్ ఉపన్యాసం ఎంత తొందరగా ముగించాడంటే అతిథులే ఆశ్చర్యపోయారు. డాక్టరు రూతు గుమ్మంలో నిలబడి ఒక్కొక్కరినీ పేరడిగి లోపలికి పంపుతోంది. సుందరి పక్కకు జరిగి, చెమట తుడుచుకుంటూ చూస్తోంది.

వీధి చివర నల్ల బురఖాలో ఒకామె కనిపించింది. నిండు నెలలు. తాడు దాకా వచ్చి, అలవాటుగా ఆగింది. సుందరి గబగబా వెళ్లి తాడు ముడి విప్పి కింద పడేసింది.

"షమీమ్ గారా? రండి."

"పూజ అయిపోయిందా అమ్మా?"

"పూజ లేదమ్మా. డాక్టరమ్మ ఉంది. రండి."

షమీమ్ ఆమె మొహంలోకి ఒకసారి చూసి, చేయి పట్టుకుంది. ఇద్దరూ జనం మధ్యలోంచి నడుస్తుంటే ఎవరూ చెప్పకుండానే దారి ఇచ్చారు. బీపీ చూసి, బిడ్డ గుండె చప్పుడు విని రూతు, "బిడ్డ బాగా ఉంది" అంది. ఆ మాట షమీమ్ కంటే ముందు సుందరినే ఏడిపించింది. వేదిక మీద ఇన్నేళ్లు పాడినా, ఒక్కనాడూ గుండె ఇంతగా నిండలేదు.

బయట భీమేశ్వరరావు నిలబడి ఉన్నాడు. వస్తానని చెప్పలేదు, వెనక వరుసలో కూర్చుని అంతా విన్నాడు. "బాగా చెప్పావు సుందరీ" అన్నాడు. ఇంకేదో అనబోతుంటే లోపలి నుంచి కేక వినిపించింది. వచ్చిన రోగులకు లోపలున్న కుర్చీలు చాలడం లేదు. శివశంకర్ చొక్కా చేతులు మడిచి, టెంటు కింద అతిథుల కోసం వేసిన కుర్చీలు రెండేసి ఎత్తుకుని లోపలికి నడిచాడు. నరేందర్ మనుషులూ వెంటపడ్డారు. భీమేశ్వరరావు పంచె ఎగ్గట్టి ఒక కుర్చీ తీసుకున్నాడు. సుందరి ఇంకొకటి అందుకుంది.